కాగితాల కబుర్లు: పడవ ఎక్కేముందు పాస్‌పోర్ట్ తెరిచి చూడండి

ఈ నెల ప్రశ్న ఫ్లోరిడా గ్రూపు నుంచి వచ్చింది. అడిగినావిడ పేరు వద్దన్నారు కాబట్టి రాయట్లేదు, ప్రశ్న మాత్రం ఆవిడ మాటల్లోనే ఇస్తున్నాను.

"అక్కా, మావారి కొలీగ్ ఒకాయన పెద్ద పడవ కొన్నారు. లాంగ్ వీకెండ్‌కి మూడు ఫ్యామిలీలం కలిసి మయామీ నుంచి బహామాస్‌లోని బిమినీ వెళ్దామంటున్నారు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉంటామట. మాది హెచ్-1, హెచ్-4. స్టాంపింగ్ పోయిన ఏడాదే అయిపోయింది కానీ 797 ఇంకా రెండేళ్ళు ఉంది. ఎయిర్‌పోర్ట్ కాదు కదా, పడవలో ఎవరు అడుగుతారు అంటున్నారు అందరూ. వెళ్ళొచ్చా?"

ముందు జవాబు చెప్పేస్తాను: ఈ ట్రిప్‌కి మీరు వెళ్ళొద్దు చెల్లీ. పడవ వల్ల భయం లేదు. మీ పాస్‌పోర్ట్‌లో అయిపోయిన ఆ స్టాంపు వల్లే భయం. ఎందుకో తెలియాలంటే, ఒక సొంత పడవ ఇంకో దేశానికి వెళ్ళి వచ్చేటప్పుడు ఎక్కడెక్కడ ఎవరికి ఏం చూపించాలో తెలుసుకోవాలి. మన గ్రూపుల్లో ఇప్పుడు పడవలున్న స్నేహితులు చాలామందికి ఉన్నారు కాబట్టి ఇది అందరికీ పనికొస్తుంది.

వెళ్ళేటప్పుడు ఎవరూ ఎందుకు అడగరు

విమానం ఎక్కేముందు కౌంటర్లో అమ్మాయి మన వీసా తిప్పి తిప్పి చూస్తుంది కదా. సరైన కాగితాలు లేనివాళ్ళని తీసుకొస్తే ఎయిర్‌లైన్‌కి జరిమానా పడుతుంది, అందుకే అంత శ్రద్ధ. క్రూజ్ కంపెనీ కూడా అంతే, ఓడ ఎక్కకముందే తిరిగి రావడానికి వీసా ఉందా అని చూస్తుంది. ఆ చెక్ మనకి విసుగ్గా ఉంటుంది కానీ, అది మనల్ని కాపాడుతుంది కూడా. కాగితం లేదని ఇక్కడే తెలిస్తే, ఇంటికి వెళ్ళిపోతాం, అంతే.

స్నేహితుడి పడవకి ఆ కౌంటర్ లేదు. పైగా ఇండియాలోలాగా దేశం వదిలేటప్పుడు స్టాంపు వేసే ఇమ్మిగ్రేషన్ క్యూ అమెరికాలో లేదు. సరదాకి తిరిగే అమెరికన్ పడవ, బయటి దేశానికి వెళ్ళేముందు కస్టమ్స్ దగ్గర అనుమతి తీసుకోనక్కర్లేదు. తాడు విప్పడం, బయల్దేరడం. బిమినీ మయామీకి దాదాపు 50 నాటికల్ మైళ్ళు. మధ్యలో గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం దాటాలి. ఏ గేటూ లేదు, ఏ బోర్డూ లేదు. నీళ్ళ రంగు మారేసరికి మీరు ఇంకో దేశంలో ఉంటారు.

"ఎవరు అడుగుతారు" అనేవాళ్ళు చెప్పేది ఈ సగం కథే. అడిగేవాళ్ళు రెండు చోట్ల ఉంటారు: ఒకటి బిమినీ రేవులో, రెండోది తిరిగొచ్చిన తర్వాత ఫ్లోరిడాలో.

బిమినీలో ఏం జరుగుతుంది

బహామాస్‌లో ఏ దీవి దగ్గర పడితే ఆ దీవి దగ్గర దిగడానికి లేదు. ముందుగా ఎంట్రీ పోర్ట్ అని ప్రకటించిన రేవుకే వెళ్ళాలి. బిమినీలో అలిస్ టౌన్, గ్రాండ్ బహామాలో వెస్ట్ ఎండ్, ఇంకా చబ్ కే, నాసౌ, మార్ష్ హార్బర్ అలాంటివి. రేవు దగ్గరికి వస్తూనే పడవ మీద పసుపు జెండా ఎగరేస్తారు. దాన్ని క్యూ జెండా అంటారు.

నర్సులు ఈ ముక్క వింటే సంతోషిస్తారు. పసుపు జెండా క్వారంటైన్ రోజుల నుంచి వచ్చింది. ప్లేగు భయంతో రగూసా అనే రేవు, అంటే ఇప్పటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్, 1377లో వచ్చినవాళ్ళని 30 రోజులు విడిగా ఉంచమని చట్టం చేసింది. తర్వాత వెనిస్‌లో అది 40 రోజులైంది. ఇటాలియన్‌లో క్వరంటా అంటే నలభై, మన డ్యూటీల్లో రోజూ వాడే క్వారంటైన్ మాట అదే. ఒకప్పుడు పసుపు జెండా అంటే లోపల జబ్బు ఉందని. ఇప్పుడు అర్థం తిరగబడింది: "మా పడవలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, లోపలికి అనుమతి ఇవ్వండి" అని.

ఆ జెండా ఉన్నంతసేపూ కెప్టెన్ ఒక్కరే దిగాలి. మిగతావాళ్ళు పడవలోనే కూర్చోవాలి. పిల్లలు బాత్రూం అన్నా, బీచ్ అన్నా సరే, ఆగాల్సిందే. కెప్టెన్ అందరి పాస్‌పోర్టులూ, పడవ రిజిస్ట్రేషనూ, మనుషుల లిస్టూ పట్టుకుని కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్ ఆఫీసులకి వెళ్తారు. వచ్చిన 24 గంటల్లోపు ఈ పని అయిపోవాలి. పడవకి క్రూయిజింగ్ పర్మిట్ ఇస్తారు, మనుషులకి ఇమ్మిగ్రేషన్ కార్డులు నింపించి పాస్‌పోర్ట్‌లో స్టాంపు వేస్తారు. ఆ తర్వాత పసుపు జెండా దించి బహామాస్ జెండా కడతారు. అప్పుడు దిగండి, ఫోటోలు దిగండి.

ఇమ్మిగ్రేషన్ కార్డులో మీకిచ్చిన సగం ముక్క పారేయకండి, వెళ్ళేటప్పుడు తిరిగి ఇవ్వాలి. పర్మిట్ ఫీజులు 2025 జూలైలో బాగా మారాయి. పాత వీడియోలు చూసి లెక్క వేసుకుంటే తేడా వస్తుంది. ఖర్చు మూడు ఫ్యామిలీలు పంచుకునేటట్టయితే కెప్టెన్‌ని ముందే అడగండి. అక్కడ అమెరికన్ డాలర్లు చెల్లుతాయి, బహామాస్ డాలర్ విలువ కూడా అంతే.

ఇంకో నాలుగు విషయాలు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు, అమెరికా వీసా ఉంది కదా చాలు అనుకోకుండా, బహామాస్ వీసా సంగతి మయామీలో ఉన్న వాళ్ళ కాన్సులేట్‌లో అడిగి తేల్చుకోండి. అమ్మానాన్నల్లో ఒకరితోనే పిల్లలు వెళ్తుంటే, రెండోవారి అనుమతి లెటర్ నోటరీ చేయించి పెట్టుకోండి. కుక్కపిల్లని తీసుకెళ్ళాలంటే ముందుగా దాని పర్మిట్, రేబిస్ టీకా కాగితం ఉండాలి. పడవాయన దగ్గర తుపాకీ ఉంటే, నంబరుతో సహా, ఒక్కొక్క గుండూ లెక్కపెట్టి రాయించాలి, పడవ దిగనివ్వకూడదు. ఈ చివరిది నవ్వులాటకి చెప్పట్లేదు. ఫ్లోరిడాలో చాలా పడవల్లో తుపాకీ ఉంటుంది. మన పిల్లలు కూర్చునే పడవలో అది ఉందో లేదో అడిగే హక్కు మనకుంది.

తిరిగొచ్చేటప్పుడు

అమెరికా నీళ్ళలోకి వచ్చి, రేవులో ఆగగానే కెప్టెన్ వెంటనే సీబీపీకి రిపోర్ట్ చేయాలి. ఇంటికెళ్ళి స్నానం చేసి చేద్దాం అంటే కుదరదు. రోమ్ అనే సీబీపీ యాప్‌లో పడవ వివరాలు, అందులో ఉన్న ప్రతి ఒక్కరి వివరాలు పెడతారు. అందరూ అమెరికన్ సిటిజన్లయితే చాలాసార్లు ఫోన్లోనే, లేదా ఒక వీడియో కాల్‌తో అయిపోతుంది. అందుకే మీ స్నేహితులు "ఏమీ ఉండదు, ఫోన్లో బటన్ నొక్కడమే" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు. వాళ్ళకి జరిగింది చెప్తున్నారు.

మనలాంటి వాళ్ళకి కొత్త ఐ-94 కావాలి. ఐ-94 కావాల్సినవాళ్ళని మామూలుగా ఆఫీసుకి స్వయంగా రమ్మంటారు. అక్కడ కూర్చున్న ఆఫీసర్ ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ లాంటివారే, చట్టం అదే, అడిగే కాగితాలు అవే.

అనుమతి వచ్చేదాకా రిపోర్ట్ చేయడానికి వెళ్ళే మనిషి తప్ప ఎవరూ పడవ దిగకూడదు, ఒక్క సంచి కూడా దించకూడదు. రిపోర్ట్ చేయకుండా వచ్చేస్తే కెప్టెన్‌కి మొదటిసారి 5,000 డాలర్లు, తర్వాత ప్రతిసారీ 10,000 డాలర్ల దాకా జరిమానా, పడవని కూడా పట్టుకోవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, ఆఫీసర్‌కి కనపడకుండా వచ్చేసిన హెచ్-4 ఇల్లాలు, చట్టం లెక్కలో దొంగచాటుగా దేశంలోకి వచ్చిన మనిషి అవుతుంది. ఏళ్ళ తరబడి జాగ్రత్తగా కాపాడుకున్న స్టేటస్ ఒక్క వీకెండ్‌లో పోతుంది. "చెప్పకుండా వచ్చేద్దాం" అని ఎవరైనా జోక్ చేసినా నవ్వకండి.

ఎవరి పరిస్థితి ఏమిటి

సిటిజన్లు: పాస్‌పోర్ట్ ఉంటే చాలు. ఇక్కడ పుట్టిన నెలల పాపకైనా పాస్‌పోర్ట్ తీసుకున్నాకే బయల్దేరండి.

గ్రీన్ కార్డ్ వాళ్ళు: కార్డూ, ఇండియన్ పాస్‌పోర్టూ రెండూ కావాలి. కార్డ్ తేదీ అయిపోయి ఎక్స్‌టెన్షన్ లెటర్ మీద ఉంటే, పాత కార్డూ, ఆ లెటరూ కలిపి పట్టుకెళ్ళండి.

హెచ్, ఎల్ వీసా వాళ్ళు: ప్రశ్న అడిగిన చెల్లీ, ఇది మీకే. 797 అనేది అమెరికాలో ఉండటానికి అనుమతి. గుమ్మం దాటి లోపలికి రావడానికి కావాల్సింది పాస్‌పోర్ట్‌లో తేదీ ఉన్న వీసా స్టాంపు. "కెనడా, మెక్సికో వెళ్ళి 30 రోజుల్లోపు వస్తే పాత స్టాంపు చెల్లుతుంది కదా" అని మీరు వినే ఉంటారు. నిజమే, అలాంటి నియమం ఉంది. కానీ హెచ్, ఎల్ వాళ్ళకి అది భూసరిహద్దు ఉన్న ఆ రెండు దేశాలకే. బహామాస్‌కి వర్తించదు. ఎఫ్, జె వీసాల స్టూడెంట్లకీ వాళ్ళ భార్యాభర్తలకీ మాత్రం క్యూబా తప్ప చుట్టుపక్కల దీవులకి కూడా వర్తిస్తుంది, మిగతా షరతులన్నీ సరిపోతే. అందుకే మీ పక్కింటి స్టూడెంట్ అమ్మాయి వెళ్ళి హాయిగా వచ్చేసి ఉండొచ్చు. ఆమెని చూసి మీరు వెళ్ళకండి.

మరి వెళ్ళాక తెలిస్తే ఏమవుతుంది? బిమినీలోనో నాసౌలోనో ఉండి స్టాంపింగ్ చేయించుకుంటాం అంటే అదీ కష్టం. 2025 సెప్టెంబర్ నుంచి, వీసాకి సొంత దేశంలోగానీ, నివాసం ఉండే దేశంలోగానీ అప్లై చేయాలన్నారు. అంటే హైదరాబాద్ వెళ్ళాలి, అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగాలి. స్టాంపు లేకుండానే పడవలో మయామీ వచ్చేస్తే అంతా ఆఫీసర్ చేతిలో ఉంటుంది. కనికరించవచ్చు, వెనక్కి పంపవచ్చు. ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్ అని రాస్తే 5 ఏళ్ళు రావడానికి వీలుండదు. వీసా లేని మనిషిని తెచ్చినందుకు పడవాయనకీ జరిమానా పడవచ్చు. ఇక్కడ ఉద్యోగం, ఇంటి లోన్, పిల్లల స్కూలు, ఇవన్నీ ఒక పక్క, రెండు రోజుల బీచ్ ఒక పక్క.

అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్నవాళ్ళు: హెచ్-4 నుంచి ఎఫ్-1కి మార్చమని అప్లై చేసి ఎదురుచూస్తుంటే, దేశం దాటగానే ఆ అప్లికేషన్ వదిలేసినట్టే. గ్రీన్ కార్డ్ 485 పెండింగ్‌లో ఉండి, హెచ్ గానీ ఎల్ గానీ స్టేటస్ లేకుండా ఈఏడీ మీదే ఉన్నవాళ్ళు, అడ్వాన్స్ పెరోల్ కాగితం చేతికి రాకుండా బయటికి వెళ్తే 485 పోతుంది. అప్లై చేశాం, వస్తుంది అంటే చాలదు. ఎనిమిదేళ్ళు క్యూలో నిలబడి వేసిన ఫైల్ అది. బయల్దేరేముందు మీ లాయర్‌కి ఒక్క మెయిల్ పెట్టండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు: పదేళ్ళ బి-2 వీసా ఉంటే వెళ్ళి రావచ్చు. కానీ తిరిగొచ్చినప్పుడు కొత్తగా ఆరు నెలలు ఇస్తారని లెక్క వేసుకోకండి. పాత తేదీయే ఇవ్వవచ్చు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీతో పడవలో బహామాస్ వచ్చి, అక్కడి నుంచి అటే విమానంలో ఇండియా వెళ్ళిపోతే, అమెరికా కంప్యూటర్‌లో వాళ్ళు వెళ్ళినట్టు నమోదు కాకపోవచ్చు. విమానంలో వెళ్తే ఎయిర్‌లైన్ ఆ వివరం పంపుతుంది, సొంత పడవలో ఎవరు పంపుతారు? అత్తయ్యగారు ఇంట్లో హాయిగా ఉన్నా, రికార్డులో ఇంకా ఇక్కడే ఉన్నట్టు చూపిస్తుంది. బహామాస్ స్టాంపు, విమానం బోర్డింగ్ పాస్, ఇండియా ఎంట్రీ స్టాంపు ఫోటోలు తీసి దాచండి. అసలు వీలైతే వాళ్ళని మయామీ నుంచే విమానం ఎక్కించండి.

లండన్ కజిన్: బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్న అక్క నేరుగా నాసౌకి విమానంలో వచ్చి, అక్కడ మీ పడవ ఎక్కి మయామీ వస్తానంటే కుదరదు. వీసా లేకుండా ఎస్టా మీద కొత్తగా అమెరికాలోకి రావాలంటే, ప్రభుత్వంతో ఒప్పందం ఉన్న విమానంలోనో ఓడలోనో రావాలి. స్నేహితుడి పడవకి ఆ ఒప్పందం ఉండదు. అక్కకి బి వీసా కావాలి, లేదా విమానంలో రావాలి.

వంట సంచి, మందుల సంచి

పడవలో పులిహోర, పెరుగన్నం, చికెన్ ఫ్రై డబ్బాలు లేకుండా మనం కదలం కదా. తిరిగొచ్చేటప్పుడు మిగిలినదేదైనా సరే, మయామీలో కొన్నదైనా సరే, ఉందని చెప్పండి. మాంసం, పళ్ళు, మొక్కల మీద ఆఫీసర్ నిర్ణయం ఫైనల్. ముఖ్యంగా పచ్చి కరివేపాకు. నిమ్మ, నారింజ తోటలని నాశనం చేసే ఒక పురుగు కరివేపాకు మీద బతుకుతుంది, ఫ్లోరిడా నారింజ రైతులు దాని వల్ల ఎంత నష్టపోయారో ఇక్కడున్న మీకు తెలుసు. బయటి దేశం నుంచి పచ్చి కరివేపాకు తేవడం నిషేధం. మిగిలిన రెమ్మలు ముందే వాడేయండి, దాచిపెట్టకండి. చెప్పి ఇచ్చేస్తే తీసుకుని పారేస్తారు. దాచితే జరిమానా.

మందులు మీ పేరున్న ఫార్మసీ సీసాల్లోనే ఉంచండి. మనకి వారం డబ్బాలో సర్దుకోవడం అలవాటు. నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు లాంటివి లేబుల్ లేకుండా ఉంటే ప్రశ్నలొస్తాయి. నర్సు లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఆ ప్రశ్నలు ఇంకా ఇబ్బంది.

షాపింగ్ చేస్తే, 48 గంటల కన్నా తక్కువ ఉండి వస్తే పన్ను లేకుండా 200 డాలర్ల దాకానే. అంతకు మించి ఉంటే మామూలుగా 800.

ఇంకో మాట డ్యూటీ చేసేవాళ్ళకి. ఉత్తరం గాలి లేస్తే గల్ఫ్ స్ట్రీమ్‌లో అలలు నిటారుగా లేస్తాయి. తెలిసిన కెప్టెన్ ఎవరూ ఆ రోజు దాటరు, ఒక్కోసారి రెండు మూడు రోజులు ఆగాలి. సోమవారం పొద్దున షిఫ్ట్ పెట్టుకుని ఆదివారం రాత్రి తిరిగొద్దాం అని ప్లాన్ వేయకండి. తొందర పెట్టి సముద్రం దాటించడం కాగితాల తప్పుకన్నా పెద్ద తప్పు.

కెప్టెన్‌ని ఏం అడగాలి

మనకి అసలు అడ్డం మొహమాటం. పిలిచినాయన మంచివాడు, ఖర్చు పెట్టుకుంటున్నాడు, మనం కాగితాల గురించి అడిగితే ఏమనుకుంటాడో అని. మొహమాటం మీద మన సామెత మీకు తెలుసు, ఇక్కడ పూర్తిగా రాయను. మంచి కెప్టెన్ అయితే అడిగినందుకు సంతోషిస్తాడు, ఎందుకంటే మీ తప్పుకి జరిమానా ఆయనకి కూడా పడుతుంది. మెసేజ్‌లో ఈ ఐదూ అడగండి:

1. ఏ రేవులో ఎంట్రీ చేస్తున్నారు, తిరిగి ఎక్కడ రిపోర్ట్ చేస్తారు?
2. లిస్టులో మా అందరి పేర్లూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాశారా?
3. సిటిజన్లు కానివాళ్ళని ఇంతకుముందు తీసుకెళ్ళారా, మా కోసం ఆఫీసుకి రావడానికి టైం పెట్టుకున్నారా?
4. పడవలో తుపాకీ ఉందా, అందరికీ, పిల్లలకి కూడా, సరిపోయే లైఫ్ జాకెట్లు ఉన్నాయా?
5. వాతావరణం బాగాలేక ఆగిపోతే ఏం చేస్తాం?

తిరిగొచ్చిన రెండు రోజుల్లో సీబీపీ సైట్‌లో మీ కొత్త ఐ-94 తెరిచి తేదీ చూసుకోండి. పాస్‌పోర్ట్ తొందరగా అయిపోయేట్టుంటే, వీసా ఇంకా ఉన్నా, ఐ-94 ఆ పాస్‌పోర్ట్ తేదీ దగ్గరే ఆగిపోవచ్చు. అది చూసుకోక, తెలియకుండానే స్టేటస్ దాటిపోయినవాళ్ళు ఉన్నారు.

ఇక ప్రశ్న అడిగిన చెల్లికి ఆఖరి మాట. మీవాళ్ళతో ఇలా చెప్పండి: "మాకు స్టాంపింగ్ లేదు, బహామాస్‌కి రాలేం. అదే పడవలో కీ వెస్ట్ వెళ్దామా?" ఫ్లోరిడా కీస్ అమెరికాలోవే. బయటి రేవు తాకకుండా అక్కడికి వెళ్ళొస్తే పసుపు జెండా లేదు, కస్టమ్స్ రిపోర్ట్ లేదు. నీళ్ళు అవే, చేపలు అవే. అయితే కోస్ట్ గార్డ్ ఆపి చూడవచ్చు, 18 దాటిన మనలాంటివాళ్ళు గ్రీన్ కార్డ్ గానీ ఐ-94 గానీ దగ్గర ఉంచుకోవాలని చట్టం కాబట్టి తడవని కవర్‌లో పెట్టుకోండి. ఇండియా వెళ్ళి స్టాంపింగ్ చేయించుకున్నాక బిమినీ ఎక్కడికీ పోదు.

ఈ కబురు పడవలున్న స్నేహితుల ఇంటి ఆడవాళ్ళకి కూడా పంపండి. పిలిచేవాళ్ళకి తెలిస్తే, పిలిపించుకునేవాళ్ళకి అడిగే ఇబ్బంది తప్పుతుంది. వచ్చే నెలకి మీ కాగితాల చిక్కులు ఎప్పటిలాగే గ్రూప్ అడ్మిన్‌కి పంపండి, పేరు వద్దంటే రాయం.